సొంతంగా కట్టుకున్న విమానంలో సీటు బిగింపు: కుషన్ తీసి చూడాల్సినవి

హోమ్‌బిల్ట్ విమానం కట్టేవాళ్ళు ఇంజిన్ గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు, ప్యానెల్‌లో ఏ స్క్రీన్ పెట్టాలా అని ఇంకొన్ని నెలలు, సీటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెదరా, గుడ్డా, ఏ రంగు అన్న చోటే మాట ఆగిపోతుంది. ఆ సీటును విమానానికి పట్టి ఉంచే బోల్టులు, హింజిలు, పిన్నులు ఎలా ఉన్నాయని అడిగేవాళ్ళు తక్కువ. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఈ విమానాలను ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ కింద నమోదు చేస్తుంది, సగానికి పైగా పని కట్టుకున్నవాళ్ళే చేసి ఉండాలి, దాన్నే 51 శాతం రూల్ అంటారు. ఫ్యాక్టరీ విమానాలకు వర్తించే పార్ట్ 23 డిజైన్ నియమాలు వీటికి తప్పనిసరి కాదు. అంటే మీ సీటు ఎంత బరువు తట్టుకోవాలో నిర్ణయించి, పరీక్షించి, ముద్ర వేసేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పని మీదే. కిట్ కంపెనీ డ్రాయింగ్ మంచిదే అయినా, ఆ డ్రాయింగ్ ప్రకారమే కట్టారా, కట్టాక ఏళ్ళు గడిచినా అలాగే ఉందా అన్నది ఎవరో ఒకరు వంగి చూస్తేగానీ తెలియదు.

సీటు ఊడితే ఏమవుతుందంటే అందరికీ క్రాష్ గుర్తొస్తుంది. అంతకంటే ముందు టేకాఫ్ గుర్తుకు రావాలి. రన్‌వే మీద పవర్ పెంచగానే సీటు పిన్ను జారి సీటు వెనక్కి పోతే, పైలట్ చేతులు సహజంగానే ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాయి, దొరికేది విమానాన్ని నడిపే పిడి, అంటే యోక్ గానీ స్టిక్ గానీ. ముక్కు పైకి లేస్తుంది, వేగం చాలదు, రెక్కలకు ఎత్తే బలం పోయి స్టాల్ అవుతుంది, కాళ్ళు రడ్డర్ పెడల్స్‌కి అందవు. సెస్నా సింగిల్ ఇంజిన్ విమానాల్లో ఈ ఇబ్బంది ఉండబట్టే ఎఫ్‌ఏఏ 1987లో సీటు పట్టాల మీద తప్పనిసరి ఆదేశం ఇచ్చింది, 2011లో దాన్ని తిరగరాసింది. ప్రతి 100 గంటలకో, 12 నెలలకో, ఏది ముందైతే అప్పుడు పట్టాలు, రోలర్లు, పిన్నులు కొలిచి చూడాలని అందులో ఉంది. ఫ్యాక్టరీ విమానాలకే అంత పట్టుదల ఉంటే, ఆ ఆదేశం వర్తించని మన విమానానికి ఇంకా ఎక్కువ ఉండాలి.

ముందు ఒక్క ప్రశ్న: బెల్టులు దేనికి కట్టారు?

రెంచ్ తీయకముందే ఇది తేల్చుకోండి. కొన్ని విమానాల్లో నడుము బెల్టు, భుజం బెల్టు రెండూ నేరుగా విమానం మొండేనికి, అంటే ఫ్యూజిలాజ్‌కి బిగించి ఉంటాయి, అప్పుడు ప్రమాదంలో సీటు మోయాల్సింది దాని సొంత బరువును, కిందికి నొక్కే మీ బరువును మాత్రమే. వాన్స్ కంపెనీ ఆర్‌వీ కిట్ విమానాల్లో రెండు సీట్లు పక్కపక్కన ఉండే రకాలు ఈ పద్ధతిలోనివే: బెల్టులు ఫ్యూజిలాజ్‌కి, సీటు వీపు నేలమీది హింజికి. ఇంకొన్నిటిలో బెల్టు సీటు ఫ్రేమ్‌కే ఉంటుంది. అలాంటప్పుడు మీ శరీరం మొత్తం లోడు సీటు కాళ్ళ గుండా, పట్టాల గుండా, పట్టాలను నేలకు పట్టిన రివెట్ల గుండా పోవాలి. రెండో రకమైతే తనిఖీ రెట్టింపు కఠినంగా ఉండాలి. కొన్నిసార్లు సగం సగం ఉంటుంది, నడుము బెల్టు సీటుకి, భుజం బెల్టు వెనక అడ్డగోడకి, అంటే బల్క్‌హెడ్‌కి. అప్పుడు సీటు ముందుకు జారితే నడుము బెల్టూ దాంతోపాటే వెళ్తుంది, భుజం బెల్టు మాత్రం వెనక్కి లాగుతుంది, మనిషి మధ్యలో మెలితిరుగుతాడు. అలాంటి అమరిక కనిపిస్తే సీటు పిన్నును బెల్టు తగిలించే ఫిట్టింగుతో, అంటే బెల్టు యాంకర్‌తో సమానంగా చూడండి.

ఎంత బలం తట్టుకోవాలి

పాత పార్ట్ 23లో అత్యవసర ల్యాండింగ్‌కి రాసిన అంకెలు: ముందుకు 9 జీ, అంటే బరువుకు తొమ్మిది రెట్లు, పైకి 3 జీ, పక్కకి 1.5 జీ. 2017లో ఆ భాగాన్ని తిరగరాశారు గానీ, హోమ్‌బిల్ట్ డిజైనర్లకు కొలబద్దగా ఇవి ఇప్పటికీ పనికొస్తాయి. సీటు, బెల్టు తగిలించే ఫిట్టింగులకు దీనిమీద ఇంకో 1.33 రెట్లు అదనం.

80 కిలోల మనిషిని తీసుకోండి. 9 జీ దగ్గర 720 కిలోల లోడు, 1.33తో గుణిస్తే దాదాపు 958 కిలోలు. దీన్ని నడుముకి 60 శాతం, భుజాలకి 40 శాతం పంచితే నడుము బెల్టుకి 575, భుజం బెల్టుకి 383. నడుము బెల్టుకి రెండు యాంకర్లు కాబట్టి ఒక్కోదానికి 287 అనిపిస్తుంది, కానీ బెల్టు నేరుగా ముందుకు కాక 45 డిగ్రీల వాలులో ఉంటుంది, అందుకని బెల్టులో అసలు లాగుడు 287ని 0.707తో భాగిస్తే వచ్చే 406 కిలోలు. ఆ చిన్న బ్రాకెట్ ఒక్కటి ఇంత మోయాలి.

ఇక్కడ చాలామంది బోల్టు లావు పెంచితే సరిపోతుందనుకుంటారు. విమానాల ప్రామాణిక బోల్టుల్లో (వాటి పేర్లు ఏఎన్‌తో మొదలవుతాయి) పావు అంగుళం ఏఎన్4 బోల్టు, అడ్డంగా ఒక్కచోట కోసే బలాన్ని దాదాపు 3,680 పౌండ్లు, అంటే 1,670 కిలోలు తట్టుకుంటుంది. బోల్టు తెగదు. తెగేది బోల్టు కూర్చున్న పల్చటి రేకు, లేదా బ్రాకెట్ చెవి, లేదా రేకును పట్టుకున్న రివెట్ల వరస. కాబట్టి కన్ను బోల్టు తల దగ్గర ఆగకూడదు, అక్కడి నుంచి లోడు ఎటు పోతుందో వెంబడించి పెద్ద ఫ్రేమ్ దాకా వెళ్ళాలి. ఈ వెంబడించడమే తనిఖీ అంతా, మిగిలినవి దానికి సాయం చేసే పనులు.

విప్పండి

కుషన్లు, సీటు వీపు, సీటు, నేలమీది ప్యానెళ్ళు, అన్నీ బయటికి. సీట్లోనే కూర్చుని కిందికి వంగి టార్చి కొట్టి చూడటాన్ని తనిఖీ అనలేం. ముందు ఫోటోలు తీసుకోండి, ఏ వాషర్ ఏ వైపు ఉందో తెలిసేలా. వాక్యూమ్ పెట్టే ముందు మాత్రం ఆగి దుమ్మును చూడండి, ఎందుకంటే ఆ దుమ్ములోనే కథ ఉంటుంది: పట్టాల పక్కన మెరిసే అల్యూమినియం పొడి ఉంటే ఏదో ఒరుసుకుంటోందని, రివెట్ చుట్టూ నల్లటి మసి చార ఉంటే ఆ రివెట్ కదులుతోందని. దాన్ని స్మోకింగ్ రివెట్ అంటారు. ఒకటి కనిపిస్తే పక్కనున్న నాలుగింటిని కూడా అనుమానించాలి. సీటు కింద దొరికిన ఊడిన నట్టు, తెగిన కాటర్ పిన్ను ముక్క, ఇవి ఎక్కడివో తేలేదాకా ముందుకు వెళ్ళొద్దు.

కావాల్సినవి ఎక్కువేం లేవు. మంచి టార్చి, చిన్న అద్దం, పది రెట్లు చూపే భూతద్దం, అంగుళం-పౌండ్లలో చదివే టార్క్ రెంచ్, వెర్నియర్ కాలిపర్, కిట్ డ్రాయింగులు. విమానాల తనిఖీ, రిపేరు పద్ధతులున్న ఎఫ్‌ఏఏ పుస్తకం ఏసీ 43.13-1బి కూడా పక్కన ఉంచుకోండి, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

బోల్టులు, నట్లు

మొదట తల మీద గుర్తు చూడండి. ఏఎన్ స్టీలు బోల్టు తల మీద గుణకారం గుర్తో నక్షత్రం లాంటి గుర్తో ఉంటుంది. ఏ గుర్తూ లేనిదో, హార్డ్‌వేర్ షాపు బోల్టుల మీద ఉండే మూడు గీతలున్నదో కనిపిస్తే అది ఎందుకు వచ్చిందని ఆలోచిస్తూ కూర్చోకుండా తీసేయండి.

తర్వాత పొడవు. బోల్టులో మరలు లేని నున్నటి భాగం, దాన్నే గ్రిప్ అంటారు, బిగించిన రేకుల మొత్తం మందానికి సమానంగా ఉండాలి. గ్రిప్ పొట్టిదైతే మరలు రంధ్రం లోపలికి వచ్చి లోడు మోస్తాయి, అంచుల్ని రంపంలా కోస్తాయి. పొడుగైతే నట్టు మరల చివరికి చేరి ఆగిపోతుంది, రెంచ్ టార్క్ వచ్చిందని చెబుతుంది గానీ రేకు మాత్రం వదులుగానే ఉంటుంది. ఇది చాలా మోసకారి తప్పు, చేత్తో బ్రాకెట్ ఊపి చూస్తేనే బయటపడుతుంది. నట్టు దాటి కనీసం ఒక మర, ఎక్కువైతే మూడు మరలు కనిపించాలి.

టార్క్, అంటే బిగించే బలం: ఏఎన్3కి 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు, ఏఎన్4కి 50 నుంచి 70, ఏఎన్5కి 100 నుంచి 140. ఇవి మామూలు నట్లకు, పల్చటి షియర్ నట్లకు ఇంకా తక్కువ. నైలాన్ లాక్ నట్టు అయితే అది రేకును తాకకముందే మర మీద తిరగడానికి ఎంత బలం కావాలో ముందు కొలిచి, దాన్ని టార్క్‌కి కలపాలి. పాత నట్టు మళ్ళీ వాడేటప్పుడు ఏఎన్4 సైజులో ఆ బిగుతు 3.5 అంగుళం-పౌండ్ల కంటే తగ్గితే పారేయండి. నా మాటైతే, సీటు, బెల్టు దగ్గర విప్పిన ప్రతి నైలాన్ నట్టునూ కొత్తది వేయండి, దాని ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, తిరిగే చోట నైలాన్ నట్టు పనికిరాదు. బెల్టు చివరి లోహపు చెవి యాంకర్ దగ్గర స్వేచ్ఛగా తిరగాలి, అప్పుడే లాగుడు ఏ దిశలో వస్తే ఆ దిశకు అది సర్దుకుంటుంది. అక్కడ తలలో గాళ్ళున్న క్యాసిల్ నట్టు, దానికి కాటర్ పిన్ను ఉండాలి, చెవి నలగకుండా లోపల బుష్ ఉండాలి. చాలా విమానాల్లో ఇక్కడే, పాపం బాగా బిగించాలన్న ఉద్దేశంతోనే, చెవిని రాయిలా బిగించేస్తారు. అలా బిగిస్తే క్రాష్ లోడు చెవిని లాగదు, పక్కకి వంచుతుంది. వంగిన చెవి ఆ లోడుకు నిలవకపోవచ్చు.

బిగించాక నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదికి టార్క్ సీల్ పెయింటు గీత ఒకటి గీయండి. వచ్చేసారి ఆ గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలిందన్నమాట.

రంధ్రాలు, రేకులు, వెల్డింగులు

రంధ్రం మధ్య నుంచి రేకు అంచు దాకా దూరం బోల్టు వ్యాసానికి కనీసం రెండు రెట్లు ఉండాలి, పావు అంగుళం బోల్టుకి అర అంగుళం. డ్రాయింగ్‌లో సరిగ్గానే ఉంటుంది, హ్యాంగర్‌లో డ్రిల్ జారినప్పుడు తగ్గుతుంది. కాలిపర్‌తో కొలవండి, కళ్ళతో అంచనా వేయొద్దు. బోల్టు తీసి రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా చూడండి. సాగితే కారణం పట్టుకోవాలి, ఊరికే పెద్ద బోల్టు వేస్తే అంచు దూరం ఇంకా తగ్గుతుంది.

అల్యూమినియం బ్రాకెట్లు పగిలేది ఎక్కువగా వంపు బయటి వైపు. వంపు వ్యాసార్థం మరీ చిన్నదిగా వంచితే మొదటి రోజే కంటికి కనపడని నెర్రె పడుతుంది. భూతద్దంతో చూసి అనుమానమొస్తే పెయింటు తీసి డై పెనెట్రెంట్ చేయండి, ఎర్ర రంగు పూసి, ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే నెర్రె ఎర్ర గీతగా పైకి వస్తుంది.

కిట్‌ఫాక్స్ లాంటి స్టీలు గొట్టాల విమానాల్లో వెల్డ్ పక్కనే, వెల్డ్ మీద కాదు, ఒకట్రెండు మిల్లీమీటర్ల దూరంలో పగులు మొదలవుతుంది. పౌడర్ కోటింగ్ మందంగా ఉంటే పగులును దాచేస్తుంది కూడా, అలాంటిచోట కోటింగ్ మీద వెంట్రుకవాసి గీత, దాంట్లో తుప్పు రంగు కనిపిస్తే గీకి చూడాల్సిందే. పీటెన్‌పోల్ లాంటి చెక్క విమానాల్లో బోల్టు కింద పెద్ద వాషర్ ఉందా, చెక్కలోకి దిగబడిందా, ప్లైవుడ్ పొరలు విడుతున్నాయా, జిగురు కీలు దగ్గర సన్నటి గీత ఉందా చూడాలి. చెక్క ఎండినప్పుడు కుంచించుకుపోతుంది, నిరుడు బిగించిన బోల్టు ఈసారి వదులుగా ఉంటే ఆశ్చర్యం లేదు.

లాంగ్-ఈజీ, కోజీ లాంటి ఫైబర్‌గ్లాస్ వాటిలో సీటు వీపే ఫ్యూజిలాజ్ నిర్మాణంలో భాగం. అక్కడ విడిగా సీటు కాళ్ళుండవు, బెల్టు యాంకర్లు పాతిన గట్టి దిమ్మల చుట్టూ నాణెంతో తట్టుకుంటూ వెళ్ళండి. ఖణేల్‌మనే శబ్దం మొద్దుగా మారిన చోట పొర విడిపోయిందని అర్థం.

పట్టాలు, పిన్నులు, హింజిలు

సీటు ముందుకీ వెనక్కీ జరిగేదైతే ప్రతి రంధ్రం విడిగా చూడాలి. మీరు ఎప్పుడూ కూర్చునే రంధ్రమే ఎక్కువ అరుగుతుంది. సెస్నా ఆదేశంలో పిన్ను రంధ్రంలోకి కనీసం 0.15 అంగుళం దిగాలని, రంధ్రం 0.42 అంగుళం దాటి అరిగితే పట్టా మార్చాలని ఉంది. మీ పట్టా వేరే కొలతలది కావచ్చు, అయితే పద్ధతి అదే: కొత్తప్పుడు పిన్ను ఎంత దిగిందో కొలిచి రాసుకోండి, తర్వాత దాంతో పోల్చండి. స్ప్రింగ్ పిన్నును కిందికి గట్టిగా తోస్తోందా? రంధ్రంలో పాత గ్రీజు, ఇసుక, బిస్కెట్ పొడి గడ్డకట్టి పిన్ను సగమే దిగుతుంటే, లివర్ మాత్రం లాక్ అయినట్టే అనిపిస్తుంది. రెండు పట్టాలకీ పిన్ను ఉంటే రెండూ ఒకేసారి దిగాలి.

పట్టా రెండు చివర్లా స్టాపులు ఉండాలి. పిన్ను విఫలమైనా సీటు పెడల్స్ అందనంత వెనక్కి పోకుండా ఆపేది వెనక స్టాపే. అది లేని విమానం ఉంటే ఎగరకముందే పెట్టండి.

సీట్లో కూర్చుని లాక్ చేసి, రెండు కాళ్ళతో పెడల్స్ తన్నిపట్టి వెనక్కి గట్టిగా తోయండి, పక్కకి ఊగండి. ఒకరు కింద టార్చి పట్టి పిన్నును చూస్తూ ఉండాలి. ఇదే పని ప్రతి స్థానంలో.

హింజిలతో పట్టే సీటు వీపులకి పియానో హింజి కళ్ళు సాగాయా, విరిగాయా, పిన్ను పక్కకి జరిగి బయటికి వస్తోందా చూడండి. పిన్ను జారకుండా చివర సేఫ్టీ వైరు వేయడం రెండు నిమిషాల పని.

బెల్టుల కోణం, బెల్టులు

1917లో శిక్షణలో ఉండగా హ్యూ డీహేవెన్ అనే పైలట్ విమానం కూలి చావు తప్పి బయటపడ్డాడు, తన లోపలి గాయాలకు బెల్టు బకిల్ కారణమని ఆయన తేల్చుకున్నాడు. క్రాష్‌లో మనిషిని ఏది గాయపరుస్తుందో శాస్త్రంగా చదవడానికి తర్వాత చాలా ఏళ్ళు పెట్టాడు. 1954లో అమెరికా వైమానిక దళ డాక్టర్ జాన్ పాల్ స్టాప్ రాకెట్ బండి మీద 46 జీ దాకా తట్టుకుని బతికాడు. మనిషి ఒళ్ళు మనం అనుకునేదాని కన్నా గట్టిది. సరైన చోట, సరైన కోణంలో పట్టి ఉంచితేనే.

నడుము బెల్టు ఎముక మీద, కటి మీద కూర్చోవాలి, కడుపు మీద కాదు. పక్క నుంచి చూస్తే అది విమానం పొడవుకు 45 నుంచి 55 డిగ్రీల వాలులో కిందికీ వెనక్కీ పోవాలి. మరీ పడుకున్నట్టు ఉంటే ఢీకొన్నప్పుడు మనిషి బెల్టు కింద నుంచి జారిపోతాడు. భుజం బెల్టు యాంకర్ భుజం స్థాయిలో గానీ, అక్కడి నుంచి 30 డిగ్రీల లోపు పైన గానీ ఉండటం మేలు. భుజానికి బాగా కిందుగా ఉన్న యాంకర్ లాగినప్పుడల్లా వెన్నెముకను కిందికి నొక్కుతుంది. ఈ కోణాలు కుషన్ పెట్టి, మీరు కూర్చున్నాక కొలవాలి. కొత్త మందపాటి కుషన్ వేస్తే మీరు రెండంగుళాలు పైకి లేస్తారు, యాంకర్ మాత్రం అక్కడే ఉంటుంది.

కుషన్ గురించి ఒక మాట. మెత్తగా పైకి తన్నే స్పాంజి హాయిగా ఉంటుంది గానీ, గట్టి ల్యాండింగ్‌లో సీటు ముందు కదిలి, స్పాంజి నలిగాక మీరు దానికి తగులుకుంటారు, వెన్నుకు దెబ్బ పెరుగుతుంది. నెమ్మదిగా అణిగే కాన్ఫర్ ఫోమ్ లాంటిది వేయండి. సీటు కింద టూల్ బాక్స్, మంటలార్పే సీసా, బ్యాటరీ లాంటి గట్టి వస్తువులు పెట్టొద్దు.

బెల్టు పట్టీని పూర్తిగా బయటికి లాగి రెండు వైపులా చూడండి: అంచులు పీచులేచాయా, కుట్టు తెగిందా, రంగు వెలిసి బిరుసెక్కిందా. ఎండ బెల్టును మెల్లగా తినేస్తుంది. అద్దాల కానొపీ కింద బయట నిలిపే విమానమైతే దుప్పటి కప్పండి. తయారీ తేదీ ఉన్న లేబుల్ చదవండి. రీల్ ఉంటే ఒక్కసారి జెర్క్ ఇస్తే లాక్ అవ్వాలి. భుజం బెల్టు వెనక్కి స్టీలు కేబుల్‌తో పోతుంటే కేబుల్‌లో తెగిన తీగలు, చివరి స్లీవ్ జారిన గుర్తు వెతకండి, చేతికి గుడ్డ చుట్టుకుని తడిమితే తెగిన తీగ గుడ్డకు తగులుకుంటుంది.

కంట్రోల్స్‌కి అడ్డు రాకూడదు

సీటు కిందే చాలా హోమ్‌బిల్ట్‌లలో తోకమీది ఎలివేటర్‌ను, రెక్కలమీది ఎయిలరాన్లను కదిపే రాడ్లు నడుస్తాయి. అన్నీ తిరిగి బిగించాక, బెల్టు పెట్టుకుని, సీటు అన్నిటికంటే ముందుకు, అన్నిటికంటే వెనక్కి పెట్టి స్టిక్‌ను నాలుగు మూలలా పూర్తిగా తిప్పండి. మీరు, మీకంటే లావైన స్నేహితుడు, ఇద్దరూ కూర్చుని చూడాలి. కాళ్ళ మధ్య పట్టీ స్టిక్ అడుగున చుట్టుకుంటుందా, పక్క సీట్లో ఎవరూ లేనప్పుడు దాని బెల్టు చివర రాడ్లలో పడుతుందా? ఖాళీ సీటు బెల్టును బిగించి వదలడం అలవాటు చేసుకోండి. సీటు ఫ్రేమ్ బ్రేకు పైపులకీ, ఫ్యూయల్ లైన్లకీ రాసుకోకుండా ఖాళీ ఉండాలి.

చేత్తో బలంగా లాగి పరీక్షించడం వరకు మంచిదే. కప్పీ తగిలించి వందల కిలోలు లాగి చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు, నిర్మాణం లోపల్లోపల సాగి, బయటికి బాగానే కనిపించి, అసలు రోజున చేతులెత్తేస్తుంది. అలాంటి పరీక్ష చేయాలంటే విడిగా ఇంకో బ్రాకెట్ చేసి బెంచి మీద విరగ్గొట్టండి.

ఎప్పుడెప్పుడు

నేల ప్యానెళ్ళు రివెట్ చేసి మూసేయకముందు ఒకసారి, ఈ దశలో హోమ్‌బిల్ట్ కట్టేవాళ్ళ సంఘం ఈఏఏ నుంచి టెక్నికల్ కౌన్సెలర్‌ను పిలిస్తే ఇంకో జత కళ్ళు దొరుకుతాయి. మొదటి ఫ్లైట్‌కి ముందు. టెస్ట్ ఫ్లయింగ్ దశలో మొదటి పది గంటలకు, కొత్త బోల్టులన్నీ అప్పుడే సర్దుకుంటాయి కాబట్టి. తర్వాత 12 నెలలకోసారి చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌లో. ఎఫ్‌ఏఏ తనిఖీ నియమాల్లోని పార్ట్ 43 అపెండిక్స్ డీలో సీట్లు, బెల్టుల గురించి ఉన్నది ఒక్క లైనే, బాగోలేకపోవడం, లోపాలు కనిపించడం చూడమని. ఆ ఒక్క లైను చూసి టిక్ పెట్టేసి పోవడం చాలా తేలిక.

కట్టినవాళ్ళకు తమ విమానాన్ని తామే తనిఖీ చేసుకోడానికి ఇచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్ సెకండ్ హ్యాండ్ హోమ్‌బిల్ట్ కొన్నవాళ్ళకు బదిలీ కాదు. మీ కండిషన్ ఇన్‌స్పెక్షన్ మీద మామూలుగా ఏ అండ్ పీ (విమాన బాడీ, ఇంజిన్ రెండింటికీ లైసెన్సున్న) మెకానిక్ సంతకం చేస్తారు. ఆయన వచ్చేసరికి సీట్లు బయట పెట్టి ఉంచండి, పాత ఓనర్ ఫోటోలు, డ్రాయింగులు చేతికివ్వండి, కట్టినవాళ్ళు డ్రాయింగ్ నుంచి ఎక్కడ పక్కకి వెళ్ళారో అడిగి రాసుకోండి.

ఇవి కాక గట్టిగా తగిలిన ప్రతి ల్యాండింగ్ తర్వాత, రేడియో పనికో ఫ్యూయల్ పనికో సీటు తీసిన ప్రతిసారీ కుషన్ ఎత్తాలి. లాగ్‌బుక్‌లో "సీట్లు చూశాం" అని కాక, ఏ రంధ్రం ఎంత అరిగింది, పిన్ను ఎంత దిగుతోంది, ఏ నట్లు మార్చారు, ఏ టార్క్ ఇచ్చారు అన్నది కొలతలతో, తేదీతో, ఎగిరిన గంటలతో రాయండి. వచ్చే ఏడాది అదే రంధ్రం మీద కాలిపర్ పెట్టినప్పుడు పోల్చుకోడానికి మీ దగ్గర ఉండేది ఆ అంకెలే.